ఒక్క సైకిల్‌తోనే రెండు పనులైతయా?

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ. పొద్దుగాల దోస్తులతోని నార్కట్‌పల్లి దాకా రోడ్ బైక్ మీద పోయొస్త. ఈసారి ఒలింపిక్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్ చేద్దామనుకుంటున్న, దానికి ఇంకో సైకిల్ కొనాల్నా, ఉన్నదే నడుస్తదా?

జవాబు: నడుస్తది తమ్మీ, పైసలు ఆగం చేసుకోకు. 1.5 కిలోమీటర్లు ఈత, 40 సైకిల్, 10 పరుగు, అంతే కదా, మొదటి రేసుకు రోడ్ బైకే మస్తు. కావాల్నంటే హ్యాండిల్‌కు క్లిప్-ఆన్ ఏరో బార్లు బిగించుకో, మోచేతులు ఆనిచ్చి వంగితే ఎదురుగాలి తక్కువ తగుల్తది. కానీ రోడ్ బైక్ సీట్ ట్యూబ్, అంటే సీటు కిందుండే ఫ్రేమ్ పైపు, 73 డిగ్రీల వాలు దగ్గర ఉంటది, ట్రయాథ్లాన్ కోసమే చేసే ట్రై బైక్‌ది 76 నుంచి 78 దాకా, అంటే దాని సీటు ఇంకా ముందుకుంటది, అందుకే రోడ్ బైక్‌కు ఊకె బార్లు పెట్టి వంగితే మోకాళ్లు పొట్టకు తగుల్తయి, నడుం పట్టేస్తది. సీటును ముందుకు జరుపు, జరిపితే పెడల్‌కు దగ్గరైతది కాబట్టి కొద్దిగ పైకి కూడా లేపాలె. పాత కొలత కాడ సీట్ పోస్ట్‌కు ఇన్సులేషన్ టేప్ చుట్టుకో, రేసైనంక మళ్ల అక్కడికే దించొచ్చు. నేను చుట్టక వారం రోజులు మోకాలు నొప్పితోని తిరిగిన.

ఇంకోటి, దోస్తులతోని గుంపుల పోయినప్పుడు ఏరో బార్ల మీద పండుకోకు, బ్రేకులు చేతికందవు, హైవే మీద అడ్డమొచ్చే బర్రె నువ్వు లేచేదాక ఆగదు.