వేలిచుక్కతో కాలి రక్తగడ్డ సంగతి తేలుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. రాత్రంతా బస్సులో ప్రయాణించాక ఎడమ పిక్క వాచింది. డాక్టరుగారు వేలి నుంచి రక్తం తీసి, పావుగంటలో డి-డైమర్ ఫలితం చూసి, గడ్డ లేదన్నారు. స్కానింగ్ లేకుండా నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చు, అయితే ఆ పరీక్షకు ముందు డాక్టరుగారు మీ నాన్నగారి కాలిని స్వయంగా పరిశీలించి ఉండాలి. రక్తగడ్డ కరిగేటప్పుడు వెలువడే ఫైబ్రిన్ (గడ్డను పట్టి ఉంచే ప్రొటీన్ పోగులు) ముక్కలనే డి-డైమర్ అంటారు. మోకాలి కింది ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్ల దిగువన టేపుతో రెండు పిక్కలనూ కొలిచి, తేడా 3 సెంటీమీటర్లు మించిందా, ఇటీవల ఆపరేషన్ జరిగిందా, క్యాన్సర్ ఉందా వంటి అంశాలకు మార్కులు వేసి గడ్డ ఉండే అవకాశాన్ని అంచనా వేసే వెల్స్ స్కోరు తక్కువగా ఉండి, డి-డైమర్ కూడా నెగెటివ్ అయితే, సాధారణంగా స్కానింగ్ అవసరం ఉండదు. స్కోరు ఎక్కువైతే మాత్రం ఈ పరీక్ష ఏం చెప్పినా డాప్లర్ స్కానింగ్ (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయించాల్సిందే.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్లు కాదు; గర్భం, ఇన్‌ఫెక్షన్, శస్త్రచికిత్స, వయసు, ఇవన్నీ డి-డైమర్‌ను పెంచుతాయి. అందుకే 50 దాటినవారికి, సాధారణ పరిమితి 500 (మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో)కు బదులు, వయసును పదితో హెచ్చవేసి, అంటే మీ నాన్నగారికి 620గా, చూసే పద్ధతి ఉంది. కొన్ని కిట్లు అంకె చూపవు, అవునో కాదో మాత్రమే చెబుతాయి. వాటికి ఈ లెక్క వర్తించదు.

ఆయన అప్పటికే రక్తాన్ని పలుచబరిచే మందులు వాడుతుంటే ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు కనుక, ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. వాపు పెరిగితే మళ్లీ చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయక అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.