పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: విదేశీ గడ్డపై ఐదు టెస్టులు

2025లో ఇంగ్లండ్‌లో భారత జట్టు ఆడిన ఐదు టెస్టుల సిరీస్ 2-2తో ముగిసిన తరువాత నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ పర్యటన గురించినవే. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: స్వదేశంలో పరుగుల వరద పారించే మన బ్యాటర్లు సముద్రం దాటగానే ఎందుకు తడబడతారు? దీనికి పిచ్ ఒక్కటే కారణమా? – ఒక డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: నేలకు ఉన్న ప్రాధాన్యం మీ ప్రాంతం వారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. ఒకే మండలంలో చల్క నేల ఒక తీరుగా, రేగడి నేల మరో తీరుగా ఉండటం మీరు చూస్తూనే ఉంటారు. మన దేశంలోని పిచ్‌లలోనూ ఎర్రమట్టితో చేసినవాటిపై బంతి కాస్త ఎక్కువగా లేస్తుంది, నల్లమట్టితో చేసినవాటిపై తక్కువ ఎత్తులో నెమ్మదిగా వస్తుంది. ఆస్ట్రేలియాలో పెర్త్, బ్రిస్బేన్ పిచ్‌లు గట్టిగా ఉండి బంతిని ఛాతీ ఎత్తుకు లేపితే, ఇంగ్లండ్‌లో పిచ్‌పై మిగిల్చిన పచ్చిక, కమ్ముకున్న మబ్బు కలిసి బంతిని పక్కలకు తిప్పుతాయి. దీనికి తోడు బంతి కూడా మారుతుంది. మన దేశంలో ఎస్‌జీ, ఇంగ్లండ్‌లో డ్యూక్స్, ఆస్ట్రేలియాలో కూకబుర్ర బంతులతో ఆడతారు. డ్యూక్స్ బంతికి కుట్టు మొత్తం చేతితో వేస్తారు కనుక అది ఉబ్బెత్తుగా ఎక్కువసేపు నిలుస్తుంది. కూకబుర్రకు బయటి వరుసలు యంత్రంతో కుట్టడం వల్ల మొదటి ఇరవై ఓవర్లు గడిచాక బౌలర్‌కు అందే సాయం బాగా తగ్గిపోతుంది.

ఇంత చెప్పిన తరువాత కూడా, మీ ప్రశ్నలోని ఊహ ఈ పర్యటనకు వర్తించదని చెప్పక తప్పదు. లీడ్స్‌లోని హెడింగ్లీలో జరిగిన మొదటి టెస్టులో మన జట్టు ఐదు శతకాలు చేసింది. యశస్వి జైస్వాల్, శుభ్‌మన్ గిల్, కేఎల్ రాహుల్ ఒక్కొక్కటి చేయగా, రిషభ్ పంత్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ నూరు దాటాడు. అయినా ఇంగ్లండ్ 371 పరుగుల లక్ష్యాన్ని ఐదు వికెట్లే కోల్పోయి అందుకుంది. ఐదు శతకాలు చేసి కూడా టెస్టు ఓడిపోయిన జట్టు అంతకు ముందు లేదు. లోపం ఎక్కడుందో స్కోరుకార్డును కింది నుంచి చదివితే తెలుస్తుంది. మొదటి ఇన్నింగ్స్‌లో 430 పరుగుల వద్ద మూడు వికెట్లే కోల్పోయిన జట్టు 471కే ఆలౌటైంది, రెండో ఇన్నింగ్స్‌లో చివరి ఆరు వికెట్లు 31 పరుగులకే పడ్డాయి. వీటికి చేజారిన క్యాచులు తోడయ్యాయి. విదేశాలలో మన ఓటములన్నింటినీ పైవరుస బ్యాటర్ల ఖాతాలో వేయడం పాత అలవాటు. నిజానికి అక్కడ సిరీస్ ఎటు మొగ్గేదీ ఇరవై వికెట్లు తీయగల బౌలర్లు ఎంతమంది ఉన్నారు, ఏడో స్థానం నుంచి వచ్చేవారు ఎంతసేపు నిలబడతారు అన్న రెండు విషయాలపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

ప్రశ్న: సిరీస్ గెలవకుండా 2-2తో తిరిగివచ్చిన జట్టును అంతగా పొగడటం ఎందుకు? – విశ్రాంత ఉపాధ్యాయులు, నల్లగొండ

జవాబు: మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. ఇంగ్లండ్‌లో మనం చివరిసారి సిరీస్ గెలిచింది 2007లో, రాహుల్ ద్రావిడ్ నాయకత్వంలో; ఆ లోటు ఇంకా తీరలేదు. అయితే ఈ జట్టుకు గిల్ కొత్త కెప్టెన్, రోహిత్ శర్మ, విరాట్ కోహ్లీ పర్యటనకు కొద్ది వారాల ముందే టెస్టుల నుంచి తప్పుకున్నారు. ఐదు మ్యాచ్‌లూ ఐదో రోజు వరకు సాగాయి. పాయింట్ల లెక్కలో ఇరుజట్లు సమానం కాలేదన్నది కూడా గమనించండి. ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్‌లో గెలుపునకు 12, డ్రాకు 4 పాయింట్లు వస్తాయి కనుక రెండు జట్లకూ 28 రావలసి ఉండగా, లార్డ్స్‌లో ఓవర్లు నిదానంగా వేసినందుకు ఇంగ్లండ్‌కు రెండు పాయింట్లు కోత పడింది.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు, ఫాస్ట్ బౌలింగ్ అంటే ప్రాణం. సిరాజ్ ఐదు టెస్టులూ ఆడాడని, బుమ్రాను మూడింటికే పరిమితం చేశారని చదివాను. ఒకరికి అంత పని, మరొకరికి విశ్రాంతి ఎందుకు? మా అబ్బాయి ఎంత వేయవచ్చు? – ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీరు అడిగిన దానిలోనే ఈ పర్యటన సారమంతా ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాం. 2024-25లో ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులు ఆడిన జస్‌ప్రీత్ బుమ్రా 150కి పైగా ఓవర్లు వేసి 32 వికెట్లు తీశాడు. చివరకు సిడ్నీ టెస్టులో వెన్ను పట్టేయడంతో రెండో ఇన్నింగ్స్‌లో బంతి పట్టలేకపోయాడు, ఆ సిరీస్‌ను మనం 1-3తో కోల్పోయాం. వెన్నుకు అప్పటికే శస్త్రచికిత్స జరిగిన బౌలర్ కావడంతో ఇంగ్లండ్‌లో మూడు టెస్టులకు మించి ఆడించరాదని ముందే నిర్ణయించారు. ఆయన శరీర నిర్మాణం వేరు, బౌలింగ్ తీరు వేరు, గాయాల చరిత్ర వేరు. సిరాజ్‌తో ఆయనను పోల్చి ఒకరు కష్టపడతారని, మరొకరు తప్పించుకుంటారని అనడం ఇద్దరికీ అన్యాయమే.

మహ్మద్ సిరాజ్ మాత్రం ఆ ఐదు టెస్టులలో 185.3 ఓవర్లు వేసి, 23 వికెట్లతో ఇరుజట్లలోనూ అందరికన్నా ముందు నిలిచాడు. మన ఫాస్ట్ బౌలర్లలో ఐదింటా ఆడినవాడు ఆయనొక్కడే. బుమ్రా లేని బర్మింగ్‌హామ్ టెస్టులో మొదటి ఇన్నింగ్స్‌లో సిరాజ్ ఆరు వికెట్లు తీయగా, ఆకాశ్ దీప్ మ్యాచ్ మొత్తంలో పది వికెట్లు పడగొట్టాడు. అంతకు ముందు ఒక్కసారి కూడా గెలవని ఆ మైదానంలో మనం 336 పరుగుల తేడాతో నెగ్గాం. బుమ్రా లేని మరో మ్యాచ్ ఓవల్ టెస్టు. అక్కడ నాలుగో రోజున హ్యారీ బ్రూక్ 19 పరుగుల వద్ద ఉండగా క్యాచ్ పట్టిన సిరాజ్ అడుగు బౌండరీ తాడును తాకింది, బ్రూక్ ఆ తరువాత 111 చేశాడు. మరునాడు ఉదయం, అంటే ఆగస్టు 4న, ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావలసి ఉండగా నాలుగు వికెట్లు చేతిలో ఉన్నాయి. వాటిలో మూడింటిని సిరాజే తీశాడు, మనం ఆరు పరుగుల తేడాతో గెలిచాం. టెస్టులలో పరుగుల పరంగా ఇంత స్వల్ప తేడాతో మన జట్టు ఎప్పుడూ నెగ్గలేదు. రెండో కొసన ప్రసిద్ధ్ కృష్ణ ఎనిమిది వికెట్లు తీశాడన్న సంగతి మాత్రం ఆ సంబరంలో చాలామంది మరిచిపోయారు.

ఇక మీ అబ్బాయి సంగతి. సిరాజ్ వేసినన్ని ఓవర్లు ముప్పై ఏళ్లు దాటిన, ఫిజియో పర్యవేక్షణలో ఉన్న బౌలర్‌కు సాధ్యమైన పని. ఎముక ఇంకా పెరుగుతున్న పదిహేనేళ్ల పిల్లవాడు దానిని ఆదర్శంగా తీసుకోకూడదు. అనేక క్రికెట్ బోర్డులు ఈ వయసువారికి ఒక స్పెల్‌లో (విరామం లేకుండా వేసే విడతలో) ఇన్ని, రోజుకు ఇన్ని ఓవర్లు అని పరిమితి పెట్టడానికి కారణం నడుము దిగువన వెన్నుపూసలో వచ్చే ఒత్తిడి పగుళ్లే. అకాడమీలో వేసిన బంతులను, ఆదివారం ఊరి మ్యాచ్‌లో వేసినవాటిని కలిపి ఒకే పుస్తకంలో రాయించండి. సాధారణంగా ప్రమాదం వచ్చేది ఒక్క రోజు ఎక్కువ వేసినందువల్ల కన్నా, వారం రోజులు ఏమీ వేయకుండా ఉండి సంక్రాంతి టోర్నమెంటులో ఒక్కసారిగా రోజుకు మూడు మ్యాచ్‌లు ఆడటం వల్ల. నడుము నొప్పి రెండు మూడు రోజులకు మించి ఉంటే బంతిని పక్కన పెట్టించి ఎముకల వైద్యునికి చూపించండి. నొప్పి మాత్ర వేసి ఆడించవద్దు.

ప్రశ్న: మాంచెస్టర్‌లో పంత్ పాదం విరిగినప్పుడు అతని బదులు మరొకరు కీపింగ్ చేశారు కాని బ్యాటింగ్ చేయలేదు. ఈ నిబంధన ఏమిటి? – కల్వకుర్తి పాఠకుడు

జవాబు: సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగ్ మాత్రమే చేయాలన్నది నియమం. 2017 నుంచి అంపైర్ల అనుమతితో వికెట్ కీపింగ్ కూడా చేయవచ్చు కనుక ధ్రువ్ జురెల్ గ్లవ్స్ తొడిగాడు, బ్యాట్ మాత్రం పట్టలేకపోయాడు. తలకు దెబ్బ తగిలి కంకషన్ అని వైద్యులు నిర్ధారించినప్పుడు మాత్రం, 2019 నుంచి అదే తరహా ఆటగాడిని పూర్తిస్థాయిలో దింపే వీలు ఉంది. ఇతర గాయాలకు ఆ వీలు లేదు. అందుకే 37 పరుగుల వద్ద మైదానం వీడిన పంత్ కుంటుతూ తిరిగివచ్చి 54 వరకు ఆడాడు, ఓవల్‌లో భుజం తొలగిన క్రిస్ వోక్స్ ఎడమ చేతిని స్వెటర్ లోపల కట్టుకుని చివరి బ్యాటర్‌గా వచ్చాడు. చూసేవారికి ఇవి వీరగాథలే కాని, బయటికి కనిపించే పెద్ద గాయానికి ప్రత్యామ్నాయం ఇవ్వని నియమం పాతబడిపోయిందని మా అభిప్రాయం. మన దేశవాళీ పోటీలలో 2025-26 సీజన్ నుంచి తీవ్ర గాయాలకు ప్రత్యామ్నాయ ఆటగాడిని అనుమతించడం మంచి ప్రయత్నం.

ప్రశ్న: ఒకప్పుడు పర్యటన అంటే నెలల తరబడి సాగేదట. ఇప్పుడు సన్నాహక మ్యాచ్‌లు ఎందుకు లేవు? – వనపర్తి నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: 1932లో సి.కె.నాయుడు నాయకత్వంలో ఆడిన మన మొదటి టెస్టు లార్డ్స్‌లో జరిగింది. ఓడలో వెళ్లిన ఆ జట్టు ఆ వేసవిలో ఆడినది ఒకే ఒక టెస్టు. మిగిలినవన్నీ కౌంటీలతోనూ ఇతర జట్లతోనూ ఆడిన మ్యాచ్‌లే. ఇప్పుడు అన్ని దేశాల క్యాలెండరు నిండిపోయింది, ఐపీఎల్ ముగిసిన రెండు మూడు వారాలకే టెస్టు మొదలవుతుంది. ఆ లోటును పూడ్చడానికి ‘ఎ’ జట్టును, అంటే రెండో శ్రేణి జట్టును, ముందే పంపుతున్నారు. ఈసారి భారత్-ఎ కాంటర్బరీ, నార్తాంప్టన్‌లలో ఇంగ్లండ్ రెండో శ్రేణి జట్టయిన లయన్స్‌తో రెండు నాలుగు రోజుల మ్యాచ్‌లు ఆడింది, ఆ తరువాత ప్రధాన జట్టు బెకన్‌హామ్‌లో తనలో తానే ఒక మ్యాచ్ ఆడుకుంది.

ప్రశ్న: ఏ దేశంలో మ్యాచ్ అయితే మనకు ఎన్ని గంటలకు మొదలవుతుంది? – గద్వాల పాఠకురాలు

జవాబు: ఇంగ్లండ్‌లో అయితే మధ్యాహ్నం మూడున్నరకు, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అయితే తెల్లవారుజామున ఐదు గంటలకు, వెస్టిండీస్‌లో అయితే రాత్రి భోజనాల వేళకు. న్యూజిలాండ్ పర్యటనను మాత్రం కోడి కూయకముందే లేచేవారికి వదిలేయడం మేలు.

ప్రశ్న: విదేశీ పర్యటనలలో హైదరాబాద్ ఆటగాళ్ల పాత్ర ఎంత? మా జిల్లాల పిల్లలు ఆ స్థాయికి చేరాలంటే దారి ఏమిటి? – యువజన సంఘం సభ్యులు, దేవరకొండ

జవాబు: పాత్ర చాలా పెద్దదే, అదీ ఎక్కువగా జట్టు ఇబ్బందిలో ఉన్నప్పుడు. 1968లో ఆస్ట్రేలియాకు ప్రత్యామ్నాయ ఆటగాడిగా విమానంలో పిలిపించిన ఎం.ఎల్.జయసింహ బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశాడు. మనం 39 పరుగుల తేడాతో మాత్రమే ఓడిపోయాం. అదే పర్యటనలో అడిలైడ్‌లో తొలి టెస్టు ఆడిన సయ్యద్ ఆబిద్ అలీ ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు, 1971లో ఓవల్‌లో ఇంగ్లండ్ గడ్డపై మన తొలి సిరీస్ విజయానికి గెలుపు పరుగులు కొట్టినవాడూ ఆయనే. 2003లో అడిలైడ్‌లో ద్రావిడ్‌తో కలిసి వీవీఎస్ లక్ష్మణ్ 303 పరుగుల భాగస్వామ్యం నిలిపాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా హనుమ విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి ఓటమిని తప్పించాడు. ఆ పర్యటనలో తండ్రి మరణించినా తిరిగిరాకుండా ఉండిపోయిన సిరాజ్ బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు. 1988 నుంచి ఆస్ట్రేలియా ఓడని ఆ మైదానంలో మనం 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించాం. ఆ సిరీస్‌లో మన తరఫున మొత్తం 20 మంది ఆడవలసి వచ్చింది. మొదటి టెస్టు జట్టులో లేనివారే చివరి టెస్టులో బౌలింగ్ భారమంతా మోశారు.

దారి విషయానికి వస్తే, అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19 కూచ్ బెహార్ ట్రోఫీ, అండర్-23 సి.కె.నాయుడు ట్రోఫీ, ఆపైన రంజీ ట్రోఫీ అన్నది వరుస. ఇవన్నీ ఎర్ర బంతితో, ఒక రోజుకు మించి సాగే మ్యాచ్‌లు. మన పల్లెలలో ఎక్కువగా ఆడేది టెన్నిస్ బంతితో, పది పన్నెండు ఓవర్ల ఆట. అందులో ఆరితేరిన కుర్రవాడు సెలక్షన్స్‌కు వెళ్లి తోలు బంతిని ఎదుర్కొన్నప్పుడు ఆఫ్ స్టంప్ ఎక్కడుందో తెలియక తికమకపడటం సహజం. మీ సంఘం వద్ద ఉన్న డబ్బును ట్రోఫీలకు, మైకులకు ఖర్చు చేసే బదులు ఒక టర్ఫ్ వికెట్‌కు, అది వీలుకాకపోతే మ్యాటింగ్‌కు, రెండు డజన్ల ఎర్ర బంతులకు కేటాయించండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఏడాదికి ఒక్కటైనా రెండు రోజుల మ్యాచ్ ఏర్పాటు చేసి, ఒక్కొక్క జట్టుకు రెండేసి ఇన్నింగ్స్ ఆడించండి. పుట్టినతేదీ ధ్రువపత్రం, ఆధార్, బడి బోనఫైడ్ మూడింటిలోనూ తేదీ ఒకటిగా ఉన్నదో లేదో ఇప్పుడే సరిచూసుకోండి, ఎందుకంటే వయసు పరిశీలన కఠినంగా ఉంటుంది.