ఊరికి యూఆర్ఐ అంటే ఏమిటి? ఊరు బ్రౌజర్లో తెరుచుకోదు కదా?

ప్రశ్న: యూఆర్ఎల్ అంటే వెబ్ పేజీ అడ్రస్ అని చదువుకున్నాం. లింక్డ్ డేటాలో (వేర్వేరు చోట్ల ఉన్న సమాచారాన్ని మెషీన్లు చదివేలా వెబ్‌లో లింకులతో కలిపే పద్ధతి) మాత్రం ఊళ్లకి, మనుషులకి, గుళ్లకి కూడా యూఆర్ఐలు ఇస్తారంటున్నారు. ఊరు బ్రౌజర్లోకి దిగదు కదా, మరి అది కొడితే ఏం వస్తుంది? ఉమ్మడి గుంటూరు జిల్లా ఊళ్ల మీద ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నాం. ఐడీలు ఎలా పెట్టుకోవాలి?

జవాబు: నేను విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో డేటా పని చేస్తాను. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల వివరాలు నాలుగైదు చోట్ల నుంచి వచ్చిన ఎక్సెల్ షీట్లలో ఉంటే, వాటన్నిటినీ ఒకచోటికి చేర్చే పని కొన్నాళ్లు నా మీద పడింది. మీ ప్రశ్న ఆ పనిలో రోజూ ఎదురయ్యేదే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. యూఆర్ఐ అనేది పేరు. అది దేనికి పేరు అన్నది పెట్టినవాళ్ల ఇష్టం. పేజీకి పెట్టొచ్చు, ఊరికి పెట్టొచ్చు, చనిపోయిన మనిషికి పెట్టొచ్చు, ‘ఎరుపు’ అనే రంగుకీ పెట్టొచ్చు. హెచ్‌టీటీపీతో మొదలయ్యే పేరు పెడితే అదనంగా ఒక సౌకర్యం ఉంటుంది: ఆ పేరు దేనిదో తెలియనివాడు దాన్నే నెట్‌లో కొట్టి అడగొచ్చు. అప్పుడు వచ్చేది ఊరు కాదు, ఊరి గురించిన వివరణ. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బర్నర్స్-లీ 2006లో లింక్డ్ డేటాకి రాసిన నాలుగు సూత్రాల సారం కూడా ఇదే. వస్తువులకి యూఆర్ఐలతో పేర్లు పెట్టండి, అవి హెచ్‌టీటీపీ పేర్లై ఉండాలి, అడిగినవాడికి ఆర్‌డీఎఫ్ (మెషీన్లు చదవగలిగేలా డేటా రాసే పద్ధతి, వివరం కింద వస్తుంది) లాంటి ప్రామాణిక పద్ధతిలో పనికొచ్చే సమాచారం ఇవ్వండి, అందులో వేరేవాళ్ల యూఆర్ఐలకి లింకులు ఇవ్వండి.

ఊరికీ, ఊరి గురించిన పేజీకీ ఒకే పేరు పెడితే ఏం పోయింది అని మీకు అనిపించొచ్చు. ప్రకాశం బ్యారేజీనే తీసుకోండి. బ్యారేజీ 1957లో పూర్తయింది. దాని మీద మీ బ్యాచ్‌లో ఎవరో ఈ ఏడాది ఒక పేజీ తయారుచేశారు. రెండింటికీ ఒకటే యూఆర్ఐ అయితే, ‘తయారైన సంవత్సరం’ అన్నచోట మెషీన్‌కి రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. ‘తయారుచేసినవారు’ అన్నచోట ఇంజనీర్లూ ఉంటారు, మీ క్లాస్‌మేటూ ఉంటాడు. పేజీకి ‘ఇతరులు వాడుకోవచ్చు’ అని చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెడితే అది కృష్ణ మీద కట్టిన బ్యారేజీకి కూడా పెట్టినట్టే. మనిషి చదివితే నవ్వి ఊరుకుంటాడు, ఏది దేని గురించో ఊహించుకుంటాడు. ప్రోగ్రాముకి ఆ ఊహ ఉండదు.

అందుకే రెండు పేర్లు పెడతారు. ఎలా విడదీయాలన్న దానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి 303 పద్ధతి. వస్తువు యూఆర్ఐ అడిగితే సర్వర్ 200, అంటే ‘సరే, ఇదిగో’ అని చెప్పి పేజీ పంపదు, ‘303, వేరేచోట చూడండి’ అని వివరణ పేజీ వైపు మళ్లిస్తుంది. డీబీపీడియాలో (వికీపీడియా నుంచి తీసిన లింక్డ్ డేటా) ‘రిసోర్స్’ అని ఉన్న విజయవాడ అడ్రస్ బ్రౌజర్లో కొట్టి చూడండి, కళ్లముందే అది ‘పేజ్’ అని మారిపోతుంది. మొదటిది విజయవాడ పేరు, రెండోది విజయవాడ గురించిన పేజీ పేరు. అదే అడ్రస్‌ని ప్రోగ్రాము ఆర్‌డీఎఫ్ కావాలని అడిగితే పేజీకి బదులు డేటా ఫైలు వైపు మళ్లిస్తుంది. రెండో పద్ధతి హ్యాష్. ఫైలు అడ్రస్ చివర హ్యాష్ గుర్తు పెట్టి ఇంకో మాట చేరుస్తారు. హ్యాష్ తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కి పంపదు కాబట్టి ఫైలు మామూలుగా వచ్చేస్తుంది, వస్తువు పేరు మాత్రం వేరుగా మిగులుతుంది. మీరు ఫైళ్లని గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత వెబ్ హోస్టింగ్ చోట పెట్టేట్టయితే 303 మీ చేతిలో ఉండదు. హ్యాష్ వాడండి, అయిపోతుంది. ఈ విషయం మీద వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీలో 2002 నుంచి వాదులాడుకుని 2005లో 303 దగ్గర రాజీపడ్డారు, ఆ తర్వాత కూడా గొడవ చల్లారలేదు. ఆ వాదనలన్నీ చదవాలని కూర్చుంటే మీ సెమిస్టర్ అయిపోతుంది.

ఇక లింకులు. ఆర్‌డీఎఫ్‌లో ప్రతి సమాచారం మూడు ముక్కల వాక్యం: ఫలానాది, ఫలానా సంబంధం, ఫలానాది. ‘తెనాలి, ఉన్న జిల్లా, గుంటూరు’. ఇందులో మధ్య ముక్కకి కూడా యూఆర్ఐ ఉంటుంది. చాలామంది ఇది పట్టించుకోరు కానీ అసలు బలం అక్కడే ఉంది. మీ షీట్లో ‘జిల్లా’ అని, ఇంకొకరి షీట్లో ‘డిస్ట్’ అని కాలమ్ ఉంటే రెండూ ఒకటేనని ఎవరో మనిషి చెప్పాలి. ఇద్దరూ వికీడేటాలోని (వికీపీడియాకి తోబుట్టువైన, ఎవరైనా వాడుకోగల డేటా నిధి) పీ131, అంటే ‘ఏ పరిపాలనా విభాగంలో ఉంది’ అన్న సంబంధాన్ని వాడితే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ టెక్నాలజీ. రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అసలు టెన్షన్ మొదలయ్యేది ‘ఏ వస్తువుకి పేరు పెడుతున్నాం’ అన్న దగ్గర.

‘తెనాలి’ అనే చూడండి. పట్టణం ఉంది, మండలం ఉంది, రెవెన్యూ డివిజన్ ఉంది, అసెంబ్లీ నియోజకవర్గం ఉంది, రైల్వే స్టేషన్ ఉంది. జనాభా పట్టణానిదొకటి, మండలానిదొకటి. ఓటర్ల లెక్క నియోజకవర్గానిది ఇంకొకటి. మా దగ్గరికి వచ్చిన షీట్లలో ఊరి పేరు కాలమ్ ఒకటే, దాని కింద కొందరు మండలం రాశారు, కొందరు ఊరు రాశారు. మేం ప్రతిదానికీ వేరే యూఆర్ఐ ఇచ్చి, ఏది ఏ రకమో రాసి, వాటి మధ్య సంబంధాలు పెట్టాం. పని పెరిగింది, నిజమే. కానీ ఆ తర్వాత లెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం ఆగింది.

మీ ప్రాజెక్టుకి పెద్ద చిక్కు జిల్లాయే. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. ఒంగోలు అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉండి అప్పుడు గుంటూరులోకి వచ్చింది, 1970లో మళ్లీ విడిపోయి ఇప్పటి ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పల్నాడు, బాపట్ల విడిపోయాయి. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లా అంటే 48.88 లక్షల మంది. అదే 2011 లెక్కలని ఇప్పటి హద్దులకి సర్దితే దాదాపు 20.9 లక్షలు. విస్తీర్ణం 11,391 చదరపు కిలోమీటర్ల నుంచి 2,443కి పడిపోయింది. పేరు అదే, కలెక్టరేట్ ఉన్న ఊరూ అదే. ఒకే యూఆర్ఐ కింద ఈ రెండు జనాభాలూ పెట్టారనుకోండి, ఎవరైనా గ్రాఫ్ గీస్తే గుంటూరులో సగానికి పైగా జనం మాయమైనట్టు వస్తుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. జిల్లాకి ఒకే ఐడీ ఉంచి, ప్రతి అంకెకీ ‘ఏ తేదీ నాటిది’ అని తోక తగిలించడం ఒకటి. వికీడేటాలో వాటిని క్వాలిఫయర్లు అంటారు. 2022కి ముందు జిల్లాకి ఒక ఐడీ, తర్వాతి దానికి ఇంకో ఐడీ ఇచ్చి, ‘దీని స్థానంలో ఇది వచ్చింది’ అని కలపడం రెండోది. ఏది ఒప్పు అని అడిగితే పుస్తకాల్లో రెండూ ఒప్పే. నేనైతే జిల్లాకి రెండో మార్గమే మేలంటాను, ఎందుకంటే హద్దులు ఇంతగా మారాక దాన్ని ‘అదే జిల్లా’ అనడానికి పేరు తప్ప ఆధారం తక్కువ. ఊళ్లకి మాత్రం మొదటి మార్గం. రేపల్లె ఎక్కడికీ కదల్లేదు, దాని జిల్లా మారింది అంతే. కాబట్టి రేపల్లెకి ఒకటే ఐడీ, ‘2022 ఏప్రిల్ వరకు గుంటూరు, తర్వాత బాపట్ల’ అని రెండు వాక్యాలు చాలు. మీ టైటిల్లో ‘ఉమ్మడి గుంటూరు’ అని రాశారు చూడండి, ఆ ‘ఉమ్మడి’కి కూడా ఒక ఐడీ కావాలి.

కోల్డ్ స్టోరేజీల్లో ఇదే తంతు ఇంకో రూపంలో వచ్చింది. గేటు మీద బోర్డు మారుతుంది, ఓనరు మారతాడు, లోపలి చాంబర్లు అవే. రైతు పెట్టిన మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉన్నది భవనంలో, రసీదు ఇచ్చింది కంపెనీ. ఒక షీట్లో పాత పేరు, ఇంకో షీట్లో కొత్త పేరు ఉండేసరికి ఒకే గోడౌన్ రెండుసార్లు లెక్కలోకి వచ్చింది, ఎన్ని టిక్కీలు పడతాయన్న మొత్తం ఉబ్బిపోయింది. భవనానికొక ఐడీ, నడిపే సంస్థకొక ఐడీ, మధ్యలో ‘నడుపుతున్నది’ అన్న సంబంధం, దానికి తేదీలు. ఈ ఏర్పాటు చేశాకే షీట్లు కలిశాయి.

ఇప్పుడు వేరేవాళ్ల డేటాతో కలిపే మాట. ఇక్కడ ‘సేమ్‌యాజ్’ అనే సంబంధం కనపడగానే అందరికీ చేతులు దురద పెడతాయి. ఓడబ్ల్యూఎల్ అనే భాషలో (వస్తువుల మధ్య సంబంధాలని మెషీన్‌కి చెప్పే ప్రామాణిక భాష) సేమ్‌యాజ్ చాలా గట్టి మాట: ఈ రెండు పేర్లూ అచ్చంగా ఒకే వస్తువువి, దీని గురించి నిజమైనదంతా దానికీ నిజం అని. పైగా అది గొలుసులా పాకుతుంది, ‘అ’ అంటే ‘ఆ’, ‘ఆ’ అంటే ‘ఇ’ అయితే ‘అ’ అంటే ‘ఇ’ కూడా. అమరావతిని ఊహించుకోండి. స్తూపం, అమరేశ్వరాలయం ఉన్న పాత అమరావతి ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. తుళ్లూరు వైపు రాజధాని అమరావతి గుంటూరు జిల్లాలో ఉంది. మహారాష్ట్రలో ఇంకో అమరావతి ఉంది. మధ్యలో ఎవరో ఒక్క సేమ్‌యాజ్ తప్పు పెడితే చాలు, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు సచివాలయం పక్కన దొరికినట్టు మీ సిస్టమ్ నమ్మేస్తుంది. నూటికి నూరుపాళ్లూ ఒకటేనని చెప్పలేనప్పుడు ‘దగ్గరి పోలిక’ అని చెప్పే క్లోజ్‌మ్యాచ్ వాడండి, అది స్కోస్ అనే ఇంకో ప్రామాణిక పదజాలంలో ఉంది. ఇంకో సంగతి, స్కీమా డాట్ ఆర్గ్‌లో (సెర్చ్ ఇంజన్లకి అర్థమయ్యేలా వెబ్ పేజీల్లో వాడే పదజాలం) కూడా సేమ్‌యాజ్ అనే ఉంటుంది, కానీ అది ఇంత కఠినం కాదు. ‘ఈ వస్తువు ఏదో స్పష్టంగా చెప్పే పేజీ ఇదిగో’ అని వికీపీడియా పేజీకో, అధికారిక సైటుకో లింకు ఇవ్వడానికి అది. పేరు ఒకటే కదా అని దాన్ని తెచ్చి దీని చోట పెట్టకండి.

మీరు అడిగిన ఐడీల సంగతి. అర్థం లేని అంకెలు పెట్టండి. అర్థం ఉన్న ఐడీకి ఆయుష్షు తక్కువ. ఏపీ 07 అంటే గుంటూరు బండి, ఏపీ 16 అంటే కృష్ణా బండి అని నంబర్ ప్లేటు చూసి చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది, ఆ లెక్క పోయింది. అదే విజయవాడ స్టేషన్‌ కోడ్ చూడండి, బెజవాడ నాటి బీజెడ్‌ఏ ఇంకా నడుస్తోంది. ఊరి పేరు మారినా కోడ్ జోలికి ఎవరూ వెళ్లలేదు, అదే మంచిదైంది. మీరు యూఆర్ఐలో జిల్లా పేరు ఇరికిస్తే నరసరావుపేట పల్నాడులోకి వెళ్లిన రోజున ఏం చేస్తారు?

ఊరి పేరు తెలుగులో పెట్టి ఐడీ చేయాలన్న సరదా ఉంటే అదీ వద్దంటాను. వెబ్ ప్రమాణాల ప్రకారం అది కుదురుతుంది, తెలుగు వికీపీడియా అలాగే నడుస్తోంది. కానీ ఆ అడ్రస్ కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేస్తే ఒక్కో అక్షరం, గుణింతం గుర్తు తొమ్మిది క్యారెక్టర్లుగా విచ్చుకుంటుంది. ‘విజయవాడ’ ఒక్కటే 63 క్యారెక్టర్ల శాతం గుర్తుల వరుస. ఇంకా పెద్ద తలనొప్పి కంటికి కనపడనిది. ‘నర్సరావుపేట’ అని ఒకరు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు పెట్టి టైప్ చేస్తారు, ఇంకొకరు పెట్టరు. ‘నరసరావుపేట’ అని రాసేవాళ్లు మూడో రకం. అలాంటి తేడా ఒక్కటున్నా కంప్యూటర్‌కి అవి వేర్వేరు పేర్లే. తెలుగు పేర్లన్నీ లేబుల్స్‌గా పెట్టండి, భాష ట్యాగ్ ‘టీఈ’ ఇవ్వండి, వాడుక పేర్లూ చేర్చండి. ఐడీ మాత్రం మూగగా ఉండాలి. వికీడేటాలో ఆంధ్రప్రదేశ్ క్యూ1159, తెలుగు భాష క్యూ8097. చూడటానికి ఏమీ అర్థం కావు, అందుకే ఇంగ్లీషువాడికీ తమిళుడికీ మనకీ ఒకే తీరుగా పనికొస్తాయి.

కొత్తగా పేర్లు పుట్టించే ముందు వికీడేటాలో ఆ ఊరికి పైన చూపినలాంటి క్యూ ఐడీ ఉందేమో చూడండి, ఉంటే అదే వాడేయండి. కాకపోతే దాన్ని తెరిచి, అది గ్రామమా మండలమా, ఏ జిల్లా కింద ఉంది, ఆ జిల్లా ఏ నాటిది అన్నది చదివాకే వాడండి. మీ పంటల వివరాలకైతే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్ల ఆగ్రోవాక్ అనే పదజాలం ఉంది, అందులో వ్యవసాయ పదాలకి యూఆర్ఐలతో పాటు తెలుగు లేబుల్స్ కూడా ఉన్నాయి.

మీ సొంత ఐడీలకి కాలేజీ సర్వర్ అడ్రస్ వద్దు. మీ బ్యాచ్ వెళ్లిపోయిన మర్నాటి నుంచి దాన్ని చూసే దిక్కుండదు. డబ్ల్యూ3ఐడీ డాట్ ఆర్గ్‌లో ఒక పేరు ఉచితంగా తీసుకుని, అక్కడి నుంచి మీ ఫైళ్లున్న చోటికి మళ్లింపు పెట్టుకోండి. ఫైళ్లు చోటు మారితే మళ్లింపు ఒక్కటే మార్చాలి. అందుకు గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్, అంటే ‘ఈ మార్పు చేర్చండి’ అన్న అభ్యర్థన పంపాలి, వాళ్లు చూసి ఒప్పుకుంటారు. రివ్యూకి ముందు రోజు కాకుండా కాస్త ముందుగానే పంపండి.