మేకు కొడితే టేకు పలక చివర చీలుతోంది: సమాధానం

రెండంగుళాల మేకు కొట్టిన ప్రతిసారీ పలక చివర నిలువునా చీలుతోందంటే కారణం మేకు మొన పదును. అది చెక్క నారల మధ్య దూరి వాటిని చెరోపక్కకు నెడుతుంది.

1. మేకును తలకిందులుగా ఇనప దిమ్మ మీద నిలబెట్టి, మొనను సుత్తితో రెండు మూడుసార్లు తట్టి మొద్దు చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. మొద్దు మొన నారను తెంపుకుంటూ దిగుతుంది కాబట్టి చీలిక పుట్టదు. 19వ శతాబ్దపు అమెరికాలో ఇనప రేకు నుంచి కోసిన మేకులకు మొన మొద్దుగానే ఉండేది. మొన మొద్దు చేస్తే మేకు పట్టు కాస్త తగ్గుతుంది, అయినా చీలిన పలక కంటే నయం.

2. చివర నుంచి కనీసం అంగుళం వదలండి. ఒకే నార గీత మీద రెండు మేకులు వద్దు.

3. అప్పటికీ చీలితే, 3 మి.మీ. మందం ఉన్న మేకుకు ముందుగా 2 మి.మీ. డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయండి. 3 మి.మీ. బిట్ వాడితే మేకు వదులవుతుంది.