బరువు తగ్గింది కొర్రలతోనేనా? ముందు షుగర్ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 54. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. నాలుగు నెలలుగా తెల్లన్నం, పంచదార, ప్యాకెట్ నూనె మానేసి కొర్రన్నం, బెల్లం వేసిన రాగిజావ తీసుకుంటున్నాను. 6 కిలోలు తగ్గాను. తిండే మందు అన్నారని రెండు నెలల క్రితం షుగర్ మాత్రలు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఆపేశాను. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవడం తప్ప ఇబ్బంది లేదు. గానుగ నూనెల్లో పల్లీదా, నువ్వులదా, ఏది మంచిది?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నూనె సంగతి తర్వాత. మాత్రలు ఆపారు, బరువు తగ్గారు, రాత్రిళ్లు లేస్తున్నారు. ఈ మూడూ కలిస్తే నాకు ముందు తట్టేది కొర్రలు కాదు, అదుపు తప్పిన షుగర్. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే మూత్రంలో పోవడం మొదలవుతుంది. దానితో నీరూ పోతుంది, ఒంట్లో శక్తీ పోతుంది. అలా తగ్గిన బరువు చూసి మురిసిపోకూడదు. మీ వయసులో ప్రోస్టేట్ వల్ల కూడా రాత్రిళ్లు లేవాల్సి రావచ్చు, కానీ అది తర్వాత చూసుకోవచ్చు.

రేపే పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్, దాంతోపాటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూత్రంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే వచ్చేవి) చూపించుకోండి. పరీక్షలో షుగర్ 300 దాటితే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి; వాంతులు, ఆయాసం, మగత ఉంటే రేపటిదాకా కూడా ఆగొద్దు.

ఇది చదివి పాత మాత్రలు పాత మోతాదులోనే మళ్లీ వేసుకోకండి. అన్నం తగ్గించిన మనిషికి గ్లిమెపిరైడ్ వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఎవరో చెప్పారని ఆపడం, మరెవరో చెప్పారని మొదలుపెట్టడం, రెండూ సొంత వైద్యమే. తిండి మార్చాక మోతాదు తగ్గే అవకాశం నిజంగానే ఉంది. కాకపోతే అది రిపోర్టు చూసి మీ డాక్టర్ తగ్గించాలి. మార్చిన రోజే ఆయనకు చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

ఇక తిండి. పాలిష్ పట్టని ధాన్యం మంచిదే, మానమనను. అయితే 100 గ్రాముల కొర్రల్లోనూ 60 గ్రాములకు పైగా పిండిపదార్థమే. చిరుధాన్యమని రెండు పళ్లేలు తింటే లాభం లేదు. వండినది ఒక కప్పు చాలు, దానికి రెట్టింపు కూర, ఒక కప్పు గట్టి పప్పు ఉండాలి. రాగుల్ని మెత్తగా పిండి పట్టించి, జల్లించి, జావ కాచి తాగితే నమలాల్సిన పనే ఉండదు, షుగర్ చకచకా పెరుగుతుంది. పొట్టుతో ఉన్న పిండితో రొట్టె చేసుకుని ఆకుకూరతో తినండి. బెల్లంలో నూటికి 80 పాళ్లకు పైగా చక్కెరే కాబట్టి, రంగు ముదురుగా ఉన్నా, తాటిబెల్లమైనా మీకు వద్దు. ‘మిల్లెట్ బిస్కెట్’ ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూడండి: ఎక్కువ బరువున్నదే మొదట రాస్తారు. చాలాసార్లు మైదానో గోధుమపిండో ముందుంటుంది.

చివరికి నూనె. రెండూ మంచివే, మార్చి మార్చి వాడండి. మనిషికి రోజుకు నాలుగైదు టీస్పూన్లు దాటకూడదు, వేపుడుకు కాచిన నూనె మళ్లీ కాచకూడదు. గానుగకు మీరే పల్లీలు తీసుకెళ్తుంటే బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరేయండి. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి చేటు, శుద్ధి చేయని నూనెలో అది మిగిలిపోవచ్చు.