కరెంటు పోయి వచ్చాక ఫోన్‌కి ఒల్లామా అందట్లేదా?

ఒల్లామా అంటే ఏఐ మోడల్‌ని సొంత కంప్యూటర్‌లోనే నడిపే ప్రోగ్రామ్. ఇంట్లో లినక్స్ సర్వర్‌లో అది నడుస్తున్నా, కరెంటు పోయి వచ్చాక ఫోన్‌కి అందట్లేదని బొబ్బిలి నుంచి ఒకరు అడిగారు. వారికి నా జవాబు ఇది.

మోడల్ పాడవలేదు. మీరు ఒల్లామా_హోస్ట్‌ని (ఒల్లామా ఏ అడ్రస్ మీద వినాలో చెప్పే సెట్టింగ్) టెర్మినల్‌లో ఎక్స్‌పోర్ట్ చేశారన్నారు కదా, అది ఆ టెర్మినల్ వరకే. బొబ్బిలిలో కరెంటు పోయి వచ్చేసరికి ఒల్లామా సర్వీసు మళ్లీ 127.0.0.1 మీదకే, అంటే ఆ కంప్యూటర్‌కి మాత్రమే అందే అడ్రస్ మీదకే వెళ్లిపోయింది. అందుకే సర్వర్‌లో జవాబిస్తోంది, ఫోన్‌కి ఇవ్వట్లేదు.

1. సర్వర్ టెర్మినల్‌లో సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఒల్లామా (sudo systemctl edit ollama) కొట్టండి, సర్వీసు సెట్టింగుల ఫైల్ తెరుచుకుంటుంది.

2. సర్వీస్ శీర్షిక ([Service]) పెట్టి, దాని కింద ఎన్విరాన్‌మెంట్ లైన్‌లో (Environment="OLLAMA_HOST=0.0.0.0") హోస్ట్‌కి 0.0.0.0 ఇవ్వండి, అంటే వేరే పరికరాల నుంచి వచ్చేవీ వినమని. ఇదంతా ఫైల్ పైభాగంలోనే రాయాలి. "దీని కింద రాసింది తీసేస్తాం" అని ఇంగ్లీషులో ఒక కామెంట్ ఉంటుంది, దాని కింద రాస్తే సేవ్ కాదు. నాకు రెండు రాత్రులు అక్కడే పోయాయి.

3. ఒల్లామాని రీస్టార్ట్ చేయండి.

4. ఫోన్‌లో సర్వర్ ఐపీ, పోర్ట్ 11434 ఇవ్వండి.

రూటర్‌లో మాత్రం ఆ పోర్ట్ బయటికి తెరవకండి, ఒల్లామాకి పాస్‌వర్డ్ ఉండదు.