మేనకోడలికి: ఆ పొడిని పారేయొద్దు

తల్లీ,

క్లింకర్ ఖనిజాల మీద, అంటే సిమెంటుగా నూరే ముందు బట్టీలో కాలి వచ్చే గడ్డల్లోని ఖనిజాల మీద పీహెచ్‌డీ చేయబోతున్నావని నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల నేను చేసిన పనిలోకే వస్తోందని ఒకటే సంతోషం. ఫర్నేస్ దగ్గర ఒక్కదానివే కూర్చుంటావేమోనని టెన్షన్.

కళ్ళద్దాలు పెట్టుకో. తూకం రెండుసార్లు చూసుకో. 1450 డిగ్రీల ఫర్నేస్ తలుపు తీసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనొద్దు.

పుస్తకంలో క్లింకర్ ప్రధాన ఖనిజం ఎలైట్ అంటే మూడు పాళ్ళు సున్నం, ఒక పాలు సిలికా. మన ఎర్రగుంట్ల క్లింకర్‌లో అంత శుద్ధమైన ఎలైట్ ఉండదు. కాల్షియం చోట కాస్త మెగ్నీషియం, సిలికాన్ చోట కాస్త అల్యూమినియం దూరి కూర్చుంటాయి. శుద్ధమైనది చల్లారితే ట్రైక్లినిక్ అనే స్ఫటిక రూపంలోకి వస్తుంది, ఫ్యాక్టరీది మోనోక్లినిక్ అనే ఇంకో రూపంలో నిలుస్తుంది. అందులోనూ మెగ్నీషియం ఎక్కువైతే ఎం3 రూపం, గంధకం ఎక్కువైతే ఎం1.

నేను కొత్తగా ల్యాబులో చేరినప్పుడు క్లింకర్‌లోని ఇంకో ఖనిజం బిలైట్‌ను శుద్ధంగా చేద్దామని సున్నం, సిలికా కలిపి బిళ్ళ చేసి కాల్చాను. రాత్రంతా ఫర్నేస్‌లోనే చల్లారనిచ్చాను. పొద్దున చూస్తే బిళ్ళ లేదు. క్రూసిబుల్ గిన్నె నిండా విభూతిలాంటి మెత్తని పొడి, ఊపిరి తగిలినా లేస్తోంది. హెల్పర్ పిల్లాడు కింద పడేసి ఉంటాడని అందరి ముందూ తిట్టాను. "నేను ముట్టనే లేదు సార్" అన్నాడు. వినలేదు. పొడి పారబోసి, రిజిస్టర్‌లో 'శాంపిల్ పాడైంది' అని రాశాను.

నెల తర్వాత మా సీనియర్ చెప్పారు. బిలైట్ మెల్లగా చల్లారుతూ 500 డిగ్రీల కిందికి వస్తే బీటా అనే స్ఫటిక రూపం గామా అనే రూపంగా మారుతుందట. పరిమాణం సుమారు 10 శాతం పెరిగి, తనంతట తానే పొడైపోతుంది. ఆ గామా నీళ్ళు పోసినా దాదాపు గట్టిపడదు. ఈసారి చిటికెడు బోరిక్ ఆమ్లం కలిపి కాల్చి, త్వరగా చల్లార్చాను. బిళ్ళ చెక్కుచెదరలేదు. ఆ కొంచెం బోరానే బీటాను పట్టి నిలిపింది. పిల్లాడికి క్షమాపణ చెబుదామని వెతికితే అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది తల్లీ.

అందుకే శాంపిల్ పాడైందని రాసే ముందు అందులో ఏ మలినం ఎంత ఉందో, ఎంతసేపట్లో చల్లారిందో రాసుకో. పొడిని సీసాలో దాచి అది ఏ రూపమో తేల్చే ఎక్స్‌రే పరీక్షకి పంపు.

మెగ్నీషియాతో, అంటే మెగ్నీషియం ఆక్సైడ్‌తో, ఇంకా జాగ్రత్త. క్లింకర్ ఖనిజాలు సుమారు 2 శాతం దాకా తమలో కలుపుకుంటాయి. మిగిలింది పెరిక్లేస్ అనే స్ఫటికాలుగా విడిగా ఉండిపోయి, కట్టిన గోడలో ఏళ్ళ తరబడి నీళ్ళు తాగి ఉబ్బుతుంది. మన నార్జి సున్నపురాయి మంచిదే కానీ, వేంపల్లె వైపు మెగ్నీషియం ఎక్కువుండే డోలమైట్ రాయి అంటే నాకు ఇప్పటికీ గుబులే. సిమెంటుకున్న భారతీయ (ఐఎస్) ప్రమాణంలో మెగ్నీషియా 6 శాతం దాటకూడదని ఉన్నది అందుకే.

ప్రయాణానికి ముందు ఒకసారి ఇంటికి రా. ఆ రెండో బిళ్ళ మైనం పూసిన సీసాలో నా బీరువాలోనే ఉంది. నీకిస్తాను. మీ అత్త జొన్నరొట్టెలు కట్టిస్తానంటోంది.

మీ మామ
ఎర్రగుంట్ల